గబ్బిలం పక్షి కాదు

ఉంగుటూరు నుంచి నూజివీడు దాకా మామిడి తోటలున్న ఇళ్ళలో వేసవి వచ్చిందంటే గబ్బిలాల ప్రస్తావన రాక మానదు. బంగినపల్లి, చిన్న రసాలు చెట్టుమీద పండే వేళకు అవి చీకటి పడగానే గుంపులుగా దిగుతాయి. రెక్కలు చూసి పిల్లలు వాటిని పక్షులనుకుంటారు. పెద్దలలోనూ ఆ అపోహ లేకపోలేదు.

ఎగిరేదంతా పక్షి, ఈదేదంతా చేప అని శాస్త్రం ఒప్పుకోదు. అది దేహ నిర్మాణాన్ని, సంతానాన్ని పెంచే తీరును చూస్తుంది. పిల్లలకు పాలిచ్చే తల్లి, రోమాలు, మధ్య చెవిలో మూడు చిన్న ఎముకలు - ఇవి క్షీరదాల ముఖ్య లక్షణాలు. క్షీరమంటే పాలే కదా! స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్ లిన్నేయస్ 1758లో ఈ వర్గానికి రొమ్మును సూచించే లాటిన్ పేరు పెట్టి, తాను అంతకుముందు చేపలలో లెక్కించిన తిమింగలాలను ఇందులోకి మార్చాడు.

నేడు మనకు తెలిసిన క్షీరద జాతులు ఆరు వేలకు పైమాటే. వీటిని మూడు శాఖలుగా విభజిస్తారు. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు పాలిచ్చే ప్లాటిపస్ వంటివి మొదటి శాఖ. అపరిపక్వంగా పుట్టిన పిల్లను సంచిలో పెంచే కంగారూ వంటివి రెండవది. గర్భంలో మాయ ద్వారా బిడ్డను చాలాకాలం పోషించేవి మూడవది. మనమూ, మన గేదె, మేక ఈ మూడవ శాఖవారమే. ఇందులో మళ్ళీ ఎన్నో గణాలున్నాయి. ఉడుత, ఎలుక ఒకే గణానికి చెందుతాయి. పేరులో ఎలుక ఉన్నా చుంచెలుక మాత్రం పురుగులను తినే వేరొక గణానిది.

గబ్బిలాలది ప్రత్యేక గణం. దాని రెక్కను పరిశీలిస్తే ఈకలు కనిపించవు. పొడవుగా సాగిన నాలుగు వేళ్ళ మధ్య పరచుకున్న పలుచని చర్మం కనిపిస్తుంది. అంటే అది మన చేయి వంటి చేయే! తోటలకు వచ్చే పెద్ద గబ్బిలం రెక్కలు చాపితే మీటరుకు మించుతుంది. తల్లి సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కని, పొట్టకు కరుచుకున్న ఆ పిల్లతోనే కొన్ని వారాలు ఎగురుతుంది. పిల్లల కాలం మామిడి కాలంతో కలుస్తుంది గనుక, తోటలో తల్లిని చంపితే పాలు తాగే పిల్లకూ చావే.

రైతు నష్టాన్ని మనం తేలికగా తీసుకోరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్లు తినే గబ్బిలాలను హానికర జంతువుల పట్టికలో చేర్చింది. 2022 సవరణ ఆ పట్టికనే తొలగించింది. ఇప్ప, బూరుగు వంటి చెట్ల పూలకు పరాగాన్ని చేర్చేవీ, విత్తనాలను దూరతీరాలకు మోసేవీ ఈ గబ్బిలాలే. కాయ పక్వానికి రాగానే కోసి ఇంట్లో మగ్గబెట్టడం, వల కడితే వదులు లేకుండా బిగించడం మేలైన మార్గాలు.

తల్లులకు ఒక హెచ్చరిక. 2018లో కేరళలో ప్రాణాలు తీసిన నిపా వైరస్‌కు సహజ నిలయం ఈ జాతి గబ్బిలాలే. కాబట్టి కొరికిన పండును గాటు కోసి మిగిలింది పిల్లలకు పెట్టకండి. పారవేయండి. మిగతా పండ్లను శుభ్రంగా కడిగి, తొక్క తీసి ఇవ్వండి. గబ్బిలం నేలపై పడి ఉంటే పిల్లలను ముట్టుకోనివ్వకండి.