వంగలేని వారికీ యోగాసనాలు

2025 జూన్ 21న విశాఖ సాగరతీరంలో 3 లక్షల మందికి పైగా యోగాసనాలు వేశారు. సంతోషమే. అయితే నాట్లు వేసి నడుము పట్టేసిన కూలి మహిళకు, మోకాళ్లు అరిగిన ముసలి రైతుకు ఆ విద్య అందుతున్నదా?

ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్నాడు పతంజలి. బి.కె.ఎస్. అయ్యంగార్ కుర్చీ, తాడు, చెక్కదిమ్మల సాయంతో ఒళ్లు వంగని వారిచేతా ఆసనాలు వేయించారు. పల్లెల్లో కుర్చీకి, గోడకు కొదవ లేదు. కావలసింది ఓర్పుగల గురువే. నేర్పేవారు ముందు నొప్పులు, రక్తపోటు సంగతి అడిగి తెలుసుకోవాలి. బలవంతాన వంచరాదు. నలుగురిలో నవ్వులపాలు చేయరాదు. నొప్పి పుడితే ఆపమని చెప్పాలి. పొలం పనులు ముగిశాక బడి వరండాలో నేర్పితే ఆడవారూ వస్తారు. శిక్షకులను ఎంపిక చేసేటప్పుడు అధికారులు ఓర్పును కూడా అర్హతగా చూడాలి.