రెండుసార్లు అమ్ముడైన పూట

కొద్ది నెలల క్రితం ఒక రాత్రి, ఇషా నమాజు ముగించుకొని ఇంటికి చేరగానే మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. చేసినవాడు పదిహేనేళ్ల క్రితం సూర్యాపేటలో మా దగ్గర ఖుర్ఆన్ చదువుకొన్న యువకుడు. సొంత ఊరు కోదాడ, అత్తవారిల్లు మిర్యాలగూడ. హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. 2020 నాటి లాక్‌డౌన్‌లో ఇంటికి తెచ్చుకొన్న లాప్‌టాప్ మళ్లీ ఆఫీసు ముఖం చూసింది తక్కువే. సలాములు, క్షేమ సమాచారాలు అయ్యాక కాసేపు మౌనంగా ఉండి, “హజ్రత్, ఒక్క పూట జీతం గురించి మిమ్మల్ని అడగాలి. అది నాకు హలాలేనా?” అన్నాడు.

విషయమిది. దసరా సెలవుల్లో పిల్లలను తీసుకొని నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం వరకు లాంచీలో వెళ్దామని భార్యకు రెండేళ్లుగా మాట ఇస్తూ వచ్చాడు. జలాశయం నిండుగా ఉన్న రోజుల్లో పర్యాటక శాఖవారు నడిపే లాంచీ అది. పొద్దున నందికొండ దగ్గర బయలుదేరి, నల్లమల కొండల మధ్య కృష్ణమ్మ మీద నూరు కిలోమీటర్లకు పైగా సాగి, సాయంత్రానికి శ్రీశైలం ఆనకట్ట దిగువన లింగాలగట్టు చేరుతుంది. టిక్కెట్లు దొరికిన రోజు అతనికి పనిదినం. సెలవు అడిగితే దొరికేదే. కానీ, “సెలవెందుకు వృథా చేసుకోవాలి? లాప్‌టాప్ వెంట ఉంటుంది, ఫోన్‌లో నెట్ ఉంటుంది, పని పనే, విహారం విహారమే” అనుకొన్నాడట.

మొదటి గంట అలాగే గడిచింది. పిల్లలు రెయిలింగు దగ్గర, ఇతడు మూల కుర్చీలో, ఒళ్లో లాప్‌టాప్. మీటింగులో పై అధికారి ఆ శబ్దమేమిటని అడిగితే, “ఇంట్లో కరెంటు పోయింది సార్, పక్కింటి జనరేటర్” అన్నాడు. అది లాంచీ ఇంజను. ఏడేళ్ల కూతురు పక్కనే నిలబడి వింటోంది. “అబ్బా, మనం ఇంట్లో లేము కదా” అంది ఆ అమ్మాయి. ఇతడు వేలు పెదవి మీద పెట్టి ఊరుకోమన్నాడు.

తర్వాత కొండలు దగ్గరయ్యాయి. రెండు ఒడ్డులా పులుల అభయారణ్యం. ఊరు లేదు, టవరు లేదు. ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే తగ్గి చివరకు మాయమయ్యాయి. దాదాపు నాలుగు గంటలు ఇతడు లాంచీ ముందు నుంచి వెనక్కి, కింది అంతస్తు నుంచి పైకి ఫోన్ ఎత్తి పట్టుకొని తిరిగాడు. భార్య భోజనం పళ్లెం తెచ్చి పక్కన పెట్టింది. అది చల్లారిపోయింది. లింగాలగట్టు చేరాక ఫోన్ తెరిస్తే ఆఫీసు నుంచి పదిహేడు సందేశాలు. భార్య ఆ రాత్రి ఒక్క మాట కూడా మాట్లాడలేదట.

నేనడిగిన మొదటి ప్రశ్న వేరు. “జుహర్ చదివావా?” అన్నాను. చదివాడట, అసర్ వేళ దగ్గర పడ్డాక, సరంగును పడమర ఎటని అడిగి. కదిలే పడవలో నమాజు సంగతి చాలామందికి తెలియదు గనుక ఇక్కడ రెండు మాటలు. గమ్యం నలభై ఎనిమిది మైళ్లు, అంటే సుమారు డెబ్బై ఏడు కిలోమీటర్లు, దాటి ఉండి, అక్కడ పదిహేను రోజులకన్నా తక్కువ ఉండే సంకల్పముంటే, మన హనఫీ ధర్మవేత్తల ప్రకారం ఊరి పొలిమేర దాటినప్పటి నుంచే జుహర్, అసర్, ఇషాల నాలుగు రకాతులు రెండవుతాయి. ఖిబ్లావైపు నిలబడి మొదలుపెట్టాలి. పడవ మలుపు తిరిగితే నమాజులోనే మనమూ ఖిబ్లావైపు తిరగాలి. నిలబడితే తల తిరిగి పడిపోయే స్థితి ఉంటే కూర్చొని చదవవచ్చు. నది వంపులు తిరిగే నల్లమలలో ఇది తెలిసి ఉండటం అవసరం.

ఇక అతని ప్రశ్న. ఫిఖ్ గ్రంథాల్లో ఇజారా, అంటే కూలి ఒప్పందాల ప్రకరణంలో పనివారిని రెండు తరగతులుగా విభజించారు. ఒకరు అజీరె ముష్తరక్: సూర్యాపేట బజారులో దర్జీ వంటివాడు. పదిమంది బట్టలు తీసుకొంటాడు, కుట్టి ఇచ్చినదానికే కూలి. పగలు కుట్టాడా, రాత్రి కుట్టాడా అని ఎవరూ అడగరు. మిర్యాలగూడ రైసు మిల్లులో బస్తాకింతని మోసే హమాలీ లెక్కా సుమారుగా ఇదే. రెండోవారు అజీరె ఖాస్: అదే మిల్లులో నెల జీతానికి గేటు దగ్గర కూర్చొనే కాపలాదారు. ఇతడు అమ్మింది పనిని కాదు, కాలాన్ని. ఆ వేళల్లో తనను తాను యజమానికి అప్పగించి సిద్ధంగా ఉంటే చాలు, ఆ రోజు దొంగ రాకపోయినా జీతం అతని హక్కు. కానీ ఆ వేళల్లో మరొకరి పని చేస్తే అంతమేరకు జీతం కోసుకోవలసిందే. ఫర్జ్ నమాజు, దానితోపాటు చదివే సున్నతులు అతని నుంచి ఎవరూ ఆపలేరు. యజమాని అనుమతి లేకుండా నఫిల్ నమాజులకు మాత్రం ఆ కాలాన్ని వాడరాదని మన ధర్మవేత్తలు రాశారు. దైవారాధనకే ఇంత పట్టుదల చూపినవారు లాంచీ విహారానికి ఏమంటారో ఊహించవచ్చు.

నా పాత విద్యార్థి ఏ తరగతి? కంపెనీ అతనికి ఈ వారంలో ఈ పని పూర్తిచేస్తే చాలునని చెప్పి ఉంటే సంగతి వేరు. అలా చెప్పలేదు, పొద్దున ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల వరకు అందుబాటులో ఉండాలన్నది ఒప్పందం. కనుక అతడు అజీరె ఖాస్. సిగ్నల్ ఉన్న గంటలో పని చేశాడు, దాని జీతం అతనిదే. సిగ్నల్ పోయిన నాలుగు గంటలు తనను తాను అప్పగించలేదు, ఆ జీతం అతనిది కాదు. జనరేటర్ మాట వేరే ఖాతా. దానికి తౌబా చేయాలి, అబద్ధం చెప్పినవారికి నిజం చెప్పాలి. ఇదీ నేనిచ్చిన జవాబు.

అతడు ఊరుకోలేదు. “హజ్రత్, ఇంటి అప్పు ఉంది, చెల్లెలి పెళ్లి ఉంది, మా టీములో మొన్ననే ఇద్దరిని తీసేశారు” అన్నాడు. మదరసా గదిలో కూర్చొని నిజం చెప్పమనడం నాకు తేలికే. నెలాఖరున కిస్తు కట్టవలసింది నేను కాదు. ఆ సంగతి ఒప్పుకొన్నాను, జవాబు మాత్రం మార్చలేదు.

ఇదే కథ మరింత పెద్ద ఎత్తున సముద్రం మీదా నడుస్తోంది. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి చెన్నైకి ‘ఎంప్రెస్’ అనే విహార నౌక తిరిగింది. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇలాంటి నౌకలు కొత్త కాదు. సెలవు పెట్టకుండా నౌకలోనే పని చేసుకోవచ్చుననే ఆలోచన వారిలోనూ ఉంది. ఒడ్డు దాటి కొంతదూరం పోగానే మొబైల్ సిగ్నల్ ఆగిపోతుంది. అక్కడి నుంచి నౌకలో నెట్ అంటే ఉపగ్రహం ద్వారా వచ్చేదే. పాత తరహా ఉపగ్రహాలు భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. మాట అంత ఎత్తు పోయి దిగి, జవాబు మళ్లీ అదే దారిన రావడానికి అర సెకనుపైన పడుతుంది, అందుకే మాట మీద మాట పడుతుంది. ఇప్పుడు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాలు వచ్చి ఆ ఇబ్బందిని బాగా తగ్గించాయి. అంటే రేపు నల్లమల మధ్యన కూడా సిగ్నల్ రావచ్చు. అప్పుడు నాలుగు గంటల లెక్క ఉండదు. పళ్లెం చల్లారిపోవడం ఉంటుంది.

నౌక మీద పని చేయడమే తప్పని నా మాటకు అర్థం కాదు. ఇస్రా సూరాలో అల్లాహ్ సముద్రంలో ఓడలను నడిపించడం గురించి చెబుతూ, మానవులు తన అనుగ్రహాన్ని, అంటే జీవనోపాధిని అన్వేషించడానికే అని కారణం తెలిపాడు. అరబ్బు వర్తకుడికి ఓడే దుకాణం. కానీ అతడు భార్యాపిల్లలతో విహరిస్తున్నానని ఎవరికీ చెప్పలేదు. అలాగే బొంబాయి నుంచి జిద్దాకు ఓడల్లో హజ్ యాత్ర సాగిన రోజులు మన పెద్దలకు గుర్తే. 1995తో ఆ ఓడలు ఆగిపోయాయి. ఆ తరం హాజీలు బయలుదేరే ముందు అప్పులు తీర్చేవారు, అమానత్‌లు అప్పగించేవారు, దుకాణం తాళంచెవులు కొడుకు చేతిలో పెట్టి, ఇరుగుపొరుగును క్షమాపణ అడిగి రైలెక్కేవారు. ఓడలో ఉన్నన్నాళ్లు దుకాణం వారిని వెతుక్కుంటూ రాలేదు. నేడు దుకాణం మన జేబులో కూర్చొని టిక్కెట్టు లేకుండా వస్తోంది.

యజమానుల వైపు తప్పు లేదనీ అనను. సెలవు మంజూరు చేసి ఆ సెలవులోనే ఫోన్ చేసేవారు ఎందరో. పనివారిపై శక్తికి మించిన భారం మోపవద్దని దైవప్రవక్త (స) ఆదేశించారు. మోపితే మీరూ చేయివేయమన్నారు. పనివేళల తర్వాత ఫోనుకు జవాబివ్వకుండా ఉండే హక్కును ఫ్రాన్సు 2017 జనవరి 1 నుంచి చట్టంలో చేర్చింది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో అటువంటి ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. అయితే ఈ యువకుడిని ఆ రోజు కంపెనీ వెంటాడలేదు. అతడే కంపెనీని లాంచీలోకి పిలుచుకొన్నాడు.

వారం తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. పై అధికారికి చెప్పేశాడట. ఆయన అర పూట సెలవుగా రాసుకొని, ఇకమీదట ముందే చెప్పమన్నాడు. ఉద్యోగం పోలేదు, కానీ ఆనాటి నుంచి ప్రతి మీటింగులో కెమెరా తెరిచి ఉంచమంటున్నాడట. “నమ్మకం తిరిగి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది హజ్రత్?” అన్నాడు. నాకేం తెలుస్తుంది?

కంపెనీ లెక్క అలా ముగిసింది. ఇంటి లెక్క మిగిలింది. ఈ సంగతి విన్న మా ఇంటావిడ ఆ అమ్మాయితో మాట్లాడింది. “ఆఫీసు నాలుగు గంటలు వాళ్లకు తిరిగి ఇచ్చేశారు ఆంటీ. మావి ఎవరిస్తారని మౌలానాసాబ్‌ను అడగండి” అందట ఆ అమ్మాయి. ఇజారా ప్రకరణంలో దీనికి జవాబు లేదు. ఒక పూటను రెండుసార్లు అమ్మినప్పుడు డబ్బిచ్చిన కొనుగోలుదారుకు రశీదు ఉంటుంది, భార్యాపిల్లలకు ఉండదు.

జవాబు కోసం నేను బుఖారీలోని ఒక సంఘటన వైపు చూశాను. దైవప్రవక్త (స) హజ్రత్ సల్మాన్ (రజి)నూ, హజ్రత్ అబూ దర్దా (రజి)నూ సోదరులుగా చేశారు. సల్మాన్ (రజి) ఒకనాడు ఆ ఇంటికి వెళ్లి, అబూ దర్దా భార్య మాసిన బట్టల్లో ఉండటం చూసి కారణమడిగారు. మీ సోదరునికి లోకంతో పనిలేదని ఆమె చెప్పింది. ఆయన పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు. సల్మాన్ (రజి) ఆయన చేత ఉపవాసం విరమింపజేసి భోజనం చేయించారు, రాత్రి లేవబోతే పడుకోమన్నారు, చివరి జామున ఇద్దరూ కలిసి నమాజు చదివారు. ప్రభువుకూ, శరీరానికీ, ఇంటివారికీ నీపై హక్కులున్నాయి, ఎవరి హక్కు వారికివ్వమని అప్పుడు బోధించారు. దైవప్రవక్త (స) విని, సల్మాన్ నిజమే చెప్పాడన్నారు. ఇక్కడ నన్ను ప్రతిసారీ ఆపేది ఒకటే: ఆ ఇల్లాలి నుంచి భర్తను దూరం చేసింది ఆఫీసు కాదు, ఆరాధన.

ఇది రాస్తుండగా నా సంగతీ గుర్తొస్తోంది. ఒకసారి బంధువుల ఇంట నిఖాహ్‌కు సూర్యాపేట నుంచి కోదాడకు బస్సులో బయలుదేరాం, నేనూ ఆమే. విజయవాడ హైవే మీద దారి పొడుగునా వాట్సాప్‌లో వచ్చిన మస్అలాలకు జవాబులు చెబుతూనే ఉన్నాను. తలాక్ గురించి ఒకరు, జకాత్ గురించి ఒకరు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చొంది. కోదాడ బస్టాండులో దిగాక, “పెళ్లికి నాతో వచ్చింది మీరా, మీ ఫోనా?” అంది. దీని సేవ కదా అని సమర్థించుకొన్నాను. ఆ అమ్మాయి ప్రశ్న విన్నాక ఆ సమర్థన నాకే రుచించడం లేదు.

ఆమెకు నేను పంపిన జవాబు చిన్నదే: కంపెనీకి చెప్పినట్టే మీకూ తప్పు ఒప్పుకొని, ఎన్ని గంటలో లెక్కగట్టి, అన్నింటినీ అంతే స్పష్టంగా తిరిగి ఇవ్వాలి, కూతురి ముందు చెప్పిన అబద్ధాన్ని కూతురి ముందే సరిదిద్దాలి. రెండోది చేశాడని తర్వాత తెలిసింది. అబ్బా ఆ రోజు తప్పు చెప్పాడని ఆ పాపకు చెప్పాడట. “జనరేటర్ లాంచీదే కదా?” అని అడిగిందట పాప.

మొదటిది ఇంకా బాకీయే. ఈసారి ముందుగానే రెండు రోజులు సెలవు రాయించుకొంటానంటున్నాడు. ఇప్పుడు సాగర్‌లో నీరు తగ్గింది, లాంచీ ఆగిపోయింది. వానాకాలంలో ఎగువ నుంచి వరద వచ్చి జలాశయం నిండాలి.