పారాలీగల్ సర్టిఫికెట్టు: వ్యయమెంత, ఫలమెంత?

గడచిన దాళ్వా ఊడ్పుల దినములలో మన సంఘ కార్యాలయమునకు ఒక కౌలురైతు వచ్చెను. ఆతని కుమారుడు ఇంటర్మీడియట్ ముగించి యింటనే యున్నాడు. పారాలీగల్ సర్టిఫికెట్టు చేతనున్నచో కోర్టులయొద్ద పనికి కొదువ యుండదని యెవరో చెప్పిరట. శిక్షణ రుసుము చెల్లించుటకు అప్పు కావలెనని ఆతడు కోరెను. సాగుదారు కార్డు లేనందున పంట అప్పు రాదనియు, వచ్చినను దానిని చదువునకు మళ్లింపరాదనియు కార్యదర్శిగారు చెప్పి పంపివేసిరి. చెప్పినది సరియే. కాని ఆ చదువు సొమ్ము పెట్టి కొనదగినదా కాదా యను ప్రశ్నకు మాలో నెవ్వరును ఆనాడు సమాధానము చెప్పలేదు. ఇట్టి ప్రశ్న మరికొన్ని యిండ్లలోను పుట్టుచున్నది గనుక నాకు తోచినంతవరకు ఇచట వ్రాయుచున్నాను.

మొదట తెలియవలసిన దేమనగా, 1961 నాటి న్యాయవాదుల చట్టము ప్రకారము న్యాయస్థానమున వృత్తిగా వాదించు హక్కు బార్ కౌన్సిలులో నమోదైన న్యాయవాదికే కలదు. పారాలీగల్ సర్టిఫికెట్టు వలన వకాల్తా పుచ్చుకొను అధికారము రాదు. అమెరికా దేశమున న్యాయవాదుల కార్యాలయములు ఇట్టివారిని జీతమిచ్చి పెట్టుకొనును. అక్కడ అది యొక ఉద్యోగము పేరు. మన అమలాపురము కోర్టు ఆవరణలో ఆ పనిని చేయువాడు ప్లీడరుగారి గుమాస్తా. ఆతడు పెద్ద గుమాస్తా ప్రక్కన కూర్చుండి, కాగితములు మోసి, వాయిదాలు వ్రాసికొని పని నేర్చినవాడు. ఆతనిని సర్టిఫికెట్టు ఏదని అడిగినవారిని నేను చూడలేదు. కావున జీతము నాశించి యీ చదువును కొనువాడు తొందరపడుచున్నాడనియే నా యభిప్రాయము.

వ్యయమును లెక్కించునపుడు రుసుము నొక్కదానినే చూచుట పొరపాటు. బస్సు చార్జీలు, పుస్తకములు, ఊడ్పు కోతల దినములలో పోవు కూలి, కొబ్బరి దింపులనాడు ఇంట లేకపోవుటచే కలుగు నష్టము, అప్పు తెచ్చినచో వడ్డీ, ఇవన్నియు వ్యయమే. చదువు మీదనే మక్కువ యున్నవారికి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్య ద్వారా ఇంటర్మీడియట్ చదివినవారికి ఒక సంవత్సరపు పారాలీగల్ డిప్లొమాను ఏర్పరచినది. చేరుటకు ముందు ఈ యేటి రుసుమును, పాఠముల భాషను విచారించుకొనవలెను. అదియు జ్ఞానము నిచ్చునే కాని వాదించు లైసెన్సు నియ్యదు.

రుసుము లేని మార్గ మొకటి కలదని పలువురెరుగరు. 1987లో చేయబడిన న్యాయసేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చినది. దాని ననుసరించి జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2009లో పారాలీగల్ వాలంటీర్ల పథకమును ప్రారంభించినది. ఎంపికైనవారికి శిక్షణ ఉచితము. పని అప్పగించిన దినములకు మాత్రమే గౌరవ వేతనము లభించును. అది నెల జీతము కాదు. సహాయము పొందినవారియొద్ద ఒక్క పైసయు పుచ్చుకొనరాదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట కోర్టులయొద్దనున్న మండల న్యాయసేవా సంఘములలో వివరములు విచారించవచ్చును; 15100 అను ఫోను సంఖ్యకును అడుగవచ్చును.

జీతము లేని పనికి ఫలమేమని యడుగవచ్చును. ఫలమును రాబడిలోగాక తప్పిన నష్టములో వెదకవలెను. ప్రామిసరీ నోటుపై దావాకు గడువు 3 సంవత్సరములు. ఆలోపల కొంత సొమ్ము జమ వ్రాయించి సంతకము తీసికొన్నచో గడువు మరల మొదలగును. ఇది తెలియక చెల్లని నోటును భద్రముగా పెట్టెలో దాచుకొన్నవారిలో ఈ వ్యాసకర్తయు నొకడు. సంఘమునకును సభ్యునికిని సంఘవ్యవహారమున వచ్చు తగవు 1964 సహకార సంఘముల చట్టము 61వ సెక్షను ప్రకారము రిజిస్ట్రారునొద్దకు పోవలసినది. సివిలు కోర్టులో దావా వేసి సంవత్సరములు గడిపినను ఫలములేదు. నాసి విత్తనముచే నష్టపోయిన రైతు వినియోగదారుల కమిషనుకు పోవచ్చునని 2012లో జాతీయ విత్తన సంస్థ కేసున సుప్రీంకోర్టు తేల్చినది. ఆ వ్యాజ్యము మన ఆంధ్రప్రదేశ్ రైతులు తెచ్చినదే. చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో ఆ ఫిర్యాదునకు రుసుము లేదు, న్యాయవాదియు తప్పనిసరి కాదు. కోర్టులోనున్న దావా లోకదాలతులో రాజీపడినచో కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును.

వరదలమాట మనకు ముఖ్యమైనది. 1986లోను, 2022 జూలైలోను గోదావరి మన లంకలను ముంచెత్తిన సంగతి చెప్పనక్కరలేదు. న్యాయసేవల చట్టము 12వ సెక్షను వరదబాధితులను ఉచిత న్యాయసహాయమునకు అర్హులుగా పేర్కొన్నది. స్త్రీలును, షెడ్యూల్డు కులములవారును, షెడ్యూల్డు తెగలవారును అట్టివారే. వీరి విషయమున ఆదాయ పరిమితి అడుగరు. ఈ యొక్క వాక్యము తెలిసినవాడు ఊరిలో నొకడున్నచో, నష్టపరిహారపు జాబితాలో పేరు తప్పిన కుటుంబమునకు దారి దొరకును.

ఇది ఊహ కాదు. మన రాష్ట్రముననే ఇందిరా క్రాంతి పథము భూమి కార్యక్రమమున 2006 ప్రాంతమునుండి గ్రామీణ యువకులకు భూచట్టములలో శిక్షణ నిచ్చి, మండల మహిళా సమాఖ్యలతో కలిసి పనిచేయించిరి. పేదల భూమి చిక్కులను గుర్తించి, కాగితములు వెదకి, తహసీల్దారు కార్యాలయమున పరిష్కారమునకు ప్రయత్నించుట వారి పని. అందు గమనింపదగినది, వారి ఖర్చును పేదవాడు భరింపలేదు, కార్యక్రమము భరించినది. ఆ ఖర్చును శిక్షితుడే భరింపవలసి వచ్చినచో ఆతడు కొలదికాలములోనే పని మానును, లేదా దళారి యగును. రెండవదే ఎక్కువ ప్రమాదము.

కావున నా సూచన యిది. సర్వసభ్య సమావేశము ఆమోదించినచో, సంఘము ఇరువురను, అందొక స్త్రీని, ఒకరిని కౌలుదారుల కుటుంబమునుండి, యెంచి ఉచిత శిక్షణకు దరఖాస్తు చేయింపవలెను. వారికి పోయిన కూలిని, బస్సు చార్జీని సంఘము భరింపవలెను. ఒక్క వ్యర్థపు దావాకు ఒక కుటుంబము పెట్టు ఖర్చుతో పోల్చినచో ఇది భారము కాదు. దీనికొక ఆక్షేపణ కలదు, అది బలమైనదే: అప్పు వసూలు విషయమున సంఘమే సభ్యునికి ఎదిరిపక్షమగును. సంఘము సొమ్ము తినువాడు సంఘమునకు వ్యతిరేకముగా సలహా యెట్లు చెప్పును? అట్టి తగవులను వారు చేపట్టక, సభ్యుని నేరుగా మండల న్యాయసేవా సంఘమునకు పంపవలెనని తీర్మానముననే వ్రాయవలెను. మా పాలకవర్గములో కొందరికి ఈ షరతు రుచింపదని యెరుగుదును.

ఇక ఆ కౌలురైతు సంగతి. ఆతనిది నోటిమాట కౌలు. 2019 నాటి పంటసాగుదారుల హక్కుల చట్టము క్రింద యజమానితో 11 నెలల ఒప్పందము వ్రాసికొన్నచో కార్డు వచ్చును. దానివలన భూమిపై హక్కు పుట్టదు గనుక యజమాని భయపడ నక్కరలేదు. ఈ సంగతి యజమానికి చెప్పువారు లేకనే సంతకము ఆగినది. రుసుము కట్టవద్దనియు, కుమారుని, వీలైనచో యజమానిని కూడ వెంటబెట్టుకొని వచ్చే సోమవారము కార్యాలయమునకు రావలసినదనియు కబురు పంపితిమి.