మిరప మేలు కల్లములోనే నిలువవలెను

మిరపకాయ కడుపును కాల్చునని నిందించువారు గలరు. సర్వరోగములను మాన్పునని పొగడువారును గలరు. రెండును అతిశయోక్తులే. దానిని పండించు మనము యథార్థము నెరిగియుండుట యుక్తము. ఏలయన, దాని మేలు నిలుచుటయు చెడుటయు చాలవరకు మన చేతిలోనే యున్నది.

మిరప అమెరికా ఖండమున పుట్టి, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి మూలమున మన దేశమునకు వచ్చినది. అంతకు పూర్వము మనవారికి వంటలో కారమన్న ముఖ్యముగా మిరియమే. పచ్చిమిరపలో సి విటమిను, సమానమైన తూకమునకు, నారింజపండులోకంటె హెచ్చు. హంగెరీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్‌జార్జి ఆ విటమినును విస్తారముగా తీసినది తన దేశపు మిరపనుండియే. ఆయనకు 1937లో నోబెల్ బహుమానము లభించినది. కాయ నెండబెట్టినచో సి విటమిను చాలవరకు నశించును. ఎ విటమినుగా మారు వర్ణపదార్థము కొంత నిలుచును.

మంట పుట్టించు కాప్సైసిన్ గింజలో గాక, గింజలంటియుండు తెల్లని పొరయందు పుట్టును. దానితో చేసిన లేపనమును కీళ్లనొప్పులకును, అక్కి మానిన పిమ్మట మిగులు నరముల బాధకును వైద్యులు వాడుచున్నారు. చైనాదేశమున సుమారు 5 లక్షలమందిని పరిశీలించి 2015లో ప్రకటించిన ఫలితములలో, దాదాపు ప్రతిదినము కారపు వంటలు తినువారియందు మరణములు, వారమున కొక్కసారియైనను తిననివారికంటె నూటికి 14 వంతులు తక్కువగా కనబడెను. కారమే దీనికి కారణమని మాత్రము ఆ పరిశోధకులు నిర్ణయింపలేదు. కడుపుమంట గలవారు మితముగనే తినవలెను.

ఇట్టి కాయ మన కల్లములలో ఏమగుచున్నది? మట్టినేలపై ఆరబోసి, రాత్రి మంచునకు, అకాలవర్షమునకు వదలుచున్నాము. కాయ విరుగకుండుటకో, తూకము పెరుగుటకో, బస్తాల కెత్తునప్పుడు నీళ్లు చిలకరించువారును గలరు. తేమ నిలిచిన కాయకు బూజు పట్టును. కొన్ని బూజులవలన అఫ్లాటాక్సిన్ అను విషము పుట్టును. అది కాలేయమును చెరచును, క్యాన్సరునకును కారణము కాగలదు. వంట వేడికి అది పోదు. మంచికాయను యార్డునకు పంపి, తాలుకాయను ఇంటికారమునకు దంచుకొనువారు ఆ విషమును తమ బిడ్డలకే వడ్డించుచున్నారని గ్రహింపవలెను.

2003లో మన దేశమునుండి ఐరోపాకు వెళ్లిన కారపుపొడిలో సూడాన్ అను నిషిద్ధపు రంగు బయటపడెను. దానిని కలిపినది రైతు కాకపోవచ్చును. అపకీర్తి మాత్రము పంటకంతకును అంటినది.

కావున కర్షకసోదరులారా! పండిన కాయనే కోయుడు. మందు చల్లిన పిమ్మట చెప్పిన గడువు దాటక కోయకుడు. శుభ్రమైన పట్టలపై ఆరబోసి, సాయంకాలమున కప్పుడు. తేమ నూటికి 10 పాళ్లకు దిగిన పిమ్మటనే బస్తాల కెత్తుడు. తాలుకాయను వేరుచేసి, బూజుకాయను పారవేయుడు.

పట్టలును, తేమ కొలుచు యంత్రమును ఒక్కొక్క రైతు కొనుట కష్టము. సంఘము కొని అందరికి అందజేయుట సులభము. బాగుగా ఆరిన కాయ తూకమున తగ్గును గనుక, ఆ నష్టమును పూడ్చునట్టి ధరను సంఘము ఇప్పింపనిచో మన హితోపదేశము వ్యర్థము. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ రెండింటిని అడిగి తీరవలెను.