సంతకం ఎవరిది?

ఆపరేషన్ థియేటర్ బయట అంగీకార పత్రం చేతికిచ్చి సంతకం పెట్టమంటారు. భర్తో, తండ్రో, అన్నో పెడతారు. శస్త్రచికిత్స జరగబోయేది ఎవరికో ఆ స్త్రీకి మాత్రం అందులో ఏముందో చదివి చెప్పేవారుండరు. పల్నాడులోని మన కుటుంబాలలో ఇది వింతగా కూడా తోచదు.

చట్టం దృష్టి వేరు. 1995లో ఢిల్లీలో ఒక మహిళ అధిక రక్తస్రావంతో వైద్యురాలి వద్దకు వెళ్లారు. పరీక్ష కోసం మత్తు ఇచ్చారు. ఆమె స్పృహలో లేని సమయంలో తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి తొలగించారు. సమీరా కోహ్లీ కేసుగా పేరొందిన ఆ వివాదంలో 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: రోగి వయోజనురాలు, ప్రాణాపాయ స్థితి లేదు, కాబట్టి తల్లి సమ్మతి ఆమె సమ్మతి కాజాలదు. పరీక్షకు ఒప్పుకున్నంత మాత్రాన చికిత్సకు ఒప్పుకున్నట్టు కాదు. ఈ తీర్పు వైద్యులకు ఎంత వర్తిస్తుందో, "ఆమె తరఫున మేమున్నాం" అనే మనకూ అంతే వర్తిస్తుంది.

పరదా విషయమూ ఇలాంటిదే. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని కేంద్ర ఆరోగ్యశాఖ 2019లో రాష్ట్రాలకు పంపింది. పురుష వైద్యుడు స్త్రీని పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ అక్కడ ఉండాలని అందులో ఉంది. బురఖా ధరించిన మన కోడలికైనా, పక్క మంచం మీది మిరపకోత కూలితల్లికైనా ఇది సమానమే. అందుచేత దీనిని బతిమాలి అడగనక్కరలేదు. అయితే లేడీ డాక్టరు లేరని అర్ధరాత్రి గర్భిణిని ఇంటికి తిప్పి తీసుకుపోయే వారితో మేము ఏకీభవించలేము. ప్రాణరక్షణ షరీఅత్ లక్ష్యాలలో ఒకటి.

రోగికి అర్థమయ్యే భాషలో వివరించాలని కూడా ఆ పత్రం చెబుతోంది. ఉర్దూను రాష్ట్ర రెండవ అధికార భాషగా 2022లో శాసనసభ ఆమోదించింది. అదే సంవత్సరం పల్నాడు జిల్లా ఏర్పడింది. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రభుత్వాసుపత్రులలో అంగీకార పత్రాలు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలనీ, రాత్రి డ్యూటీలో మహిళా సిబ్బంది తప్పక ఉండాలనీ, గుంటూరుకు పంపే ప్రతి రోగి చేతికి కేస్ షీటు నకలు ఇవ్వాలనీ కోరుతున్నాము. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలన్న నిబంధన 2002 నుంచే ఉంది.

ఈ మూడు పట్టణాల మస్జిదు కమిటీలు కలిసి జిల్లా కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వాలి. కమిటీలలో స్త్రీలు లేకపోతే, వెళ్లే బృందంలోనైనా ఉండాలి, మాట్లాడవలసింది వారే.