యాప్ చెప్పింది, మరి మాత్రలు?

ప్రాజెక్టు ఐడియా అడిగితే మనలో చాలామంది చెప్పేది హెల్త్ యాపే. డాక్టరుకి ఏం చెయ్యాలో చెప్పేస్తుంది అంటాం. ఆ ప్రయోగం మా కోనసీమ పక్కనే జరిగింది. రాజోలు వైపు నుంచి వశిష్ట దాటితే వచ్చే పశ్చిమ గోదావరిలో, 18 పీహెచ్‌సీల పరిధిలోని 54 ఊళ్ళలో, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 'స్మార్ట్‌హెల్త్' పెట్టారు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బీపీ చూస్తుంది. గుండెజబ్బు ముప్పు ఎంతో ట్యాబ్ లెక్కకడుతుంది. ముప్పున్నవాళ్ళకి ఏ మందు మొదలెట్టాలో మార్గదర్శకాల ప్రకారం డాక్టరుకి సూచిస్తుంది.

2019లో ఫలితాలొచ్చాయి. ముప్పున్నవాళ్ళలో బీపీ అదుపులోకి వచ్చింది యాప్ ఉన్నప్పుడు 41 శాతం మందికి, లేనప్పుడు 39. తేడా లేనట్టే.

అలాగని ఇవి దండగ అనను. ఓపీ నిండా జనం ఉన్నప్పుడు గుర్తుచేసే తెర డాక్టరుకి మేలే. కానీ బీపీ మాత్ర ఏళ్ళ తరబడి రోజూ వెయ్యాలి. స్టాకు లేకపోయినా, కూలి మానుకుని రాలేకపోయినా, 'బాగానే ఉన్నా కదా' అని ఆపేసినా, సలహా తెరమీదే మిగిలిపోతుంది.

అందుకే 'మా మోడల్ యాక్యురసీ ఇంత' అని పోస్టర్ ముగించొద్దు. ఆర్నెల్ల తర్వాత ఎంతమంది మాత్ర వేసుకుంటున్నారో ఆ లెక్క కూడా రాయాలి.