వినతిపత్రం అందింది, నీళ్లు కాచి తాగండి

తొలకరి ముంగిట జిల్లా పేజీల్లో ఒకే ఫొటో రకరకాల ముఖాలతో వస్తుంటుంది. వెలగపూడిలోనో హైదరాబాదులోనో సచివాలయం, అందులో మంత్రిగారి గది. ఎమ్మెల్యేగారు శాలువా కప్పి లెటర్‌హెడ్ కాగితం చేతికిస్తారు. నియోజకవర్గంలో తాగునీటి ఎద్దడి, పాడైన రోడ్లు, ఆసుపత్రిలో డాక్టర్ల కొరత గురించి వివరించగా మంత్రి సానుకూలంగా స్పందించారని కింద వార్త. సాయంత్రానికి ఆ ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపుకు చేరుతుంది. "ఇక మన సమస్య తీరిపోయినట్టే" అని ఒకాయన పెడతాడు. దాని కింద పాతికమంది దండాలు.

ఆ పాతికమందికే ఈ హెచ్చరిక. కాగితం చేతులు మారింది. మీ వీధిలో మురుగుకాలవ అడుగున పోతున్న పైపు మాత్రం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. నాలుగు రోజుల్లో వానలు పడతాయి, కాలవ పొంగుతుంది. ఫొటో చూసి నిశ్చింతగా కుళాయి కింద గ్లాసు పెట్టే ఇంటికే ముప్పు ఎక్కువ.

అదెలాగో కాస్త వివరంగా చెప్పాలి. మన ఊళ్లలో కుళాయి రోజంతా రాదు. గంటో రెండు గంటలో వదులుతారు, మిగతా సమయమంతా గొట్టం ఖాళీ. నీళ్లు పారుతున్నంతసేపూ లోపలి ఒత్తిడి బయటికి తోస్తూ ఉంటుంది కాబట్టి ఎక్కడైనా చిల్లున్నా మంచినీళ్లు కారిపోతాయే గానీ మురుగు లోపలికి రాలేదు. సరఫరా ఆపగానే కథ తిరగబడుతుంది. ఖాళీ అవుతున్న గొట్టం తన చుట్టూ ఉన్న తడిని పగుళ్ల గుండా లోపలికి లాక్కుంటుంది. మర్నాడు పొద్దున మొదట వచ్చే రెండు బిందెలూ రంగు మారి, వాసనేసేది అందుకే. కుళాయికి నేరుగా మోటారు బిగించే ఇళ్లు దీనికి ఆజ్యం పోస్తున్నాయి. కొబ్బరిబొండంలో స్ట్రా వేసి పీల్చినట్టు ఆ మోటారు లైనులోని నీటితోపాటు చిల్లుల దగ్గర నిలిచిన మురుగునూ పీలుస్తుంది. ఆ మురుగు పీల్చిన ఇంట్లోనే ఆగదు, పక్కింటి కుళాయిలోనూ వస్తుంది. ఈ పాపంలో మనకూ వాటా ఉంది, మంత్రిని తిట్టినంత మాత్రాన పోదు.

2018 మార్చిలో గుంటూరులో జరిగింది ఇదే. తాగునీటిలో మురుగు కలిసి వీధులకు వీధులు అతిసారంతో మంచం పట్టాయి, ప్రాణాలు పోయాయి. మారుమూల తండా కాదది, రాష్ట్ర సచివాలయానికి దగ్గర్లోని నగరం. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల వంతు వచ్చింది. అక్కడ చనిపోయినవారెందరన్న లెక్క దగ్గరే అధికార, ప్రతిపక్షాలు వాదులాడుకున్నాయి. గ్రామీణ తాగునీటి శాఖ చూసే ఉప ముఖ్యమంత్రి వచ్చారు, కొద్ది రోజుల తేడాతో మాజీ ముఖ్యమంత్రీ వచ్చారు. అందరూ పరామర్శకు వచ్చినవాళ్లే.

మంత్రి చేతిలో పడ్డ కాగితం తరవాత ఏమవుతుంది? మూలన ఒక సంతకం, 'పరిశీలించి చర్య తీసుకోండి' అన్న మాట పడి శాఖ కార్యదర్శికి పోతుంది. అక్కడి నుంచి ఇంజినీర్ల వరసలో ఈఎన్‌సీకి, ఎస్‌ఈకి, ఈఈకి, డీఈకి, చివరికి మీ మండలంలోని ఏఈ బల్ల మీదికి దిగుతుంది. పైపు చిల్లుపడిందని ఎమ్మెల్యేకు మొదట చెప్పింది ఆ ఏఈయే అయినా ఆశ్చర్యం లేదు. ఆయన ఎస్టిమేటు వేసి, వచ్చిన మెట్లన్నీ మళ్లీ ఎక్కిస్తాడు. పరిపాలనా అనుమతి కావాలి, సాంకేతిక అనుమతి కావాలి, టెండరు పిలవాలి. పిలిచినా, పాత బిల్లులే రాలేదని కాంట్రాక్టరు ముఖం చాటేస్తాడు. ఇన్ని మజిలీల్లో ఫైలు ఎక్కడ ఆగినా వార్త రాదు. సానుకూలంగా స్పందించిన రోజు మాత్రమే వార్త వస్తుంది.

ఎమ్మెల్యేలు మంత్రులను కలవకూడదని ఎవరూ అనరు. కలవాలి, పట్టుబట్టాలి. అయితే చేతికిచ్చిన లేఖకు మంత్రి ఫలానా తేదీలోగా జవాబు చెప్పి తీరాలని బిగించే పట్టు ఆచరణలో కనబడదు. శాసనసభలో నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే సంగతి వేరు. మంత్రి లేచి జవాబివ్వాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు పడతాయి, ప్రతి మాటా రికార్డుకెక్కుతుంది. 'చేయిస్తాం' అని సభలో నోరు జారితే అది ప్రభుత్వ హామీల కమిటీ లెక్కలోకి వెళుతుంది. ఇంత పదునైన ఆయుధం పక్కనపెట్టి శాలువాలు మోసుకుపోవడం ఎందుకంటే, అధికారపక్షం సభ్యుడికి సొంత మంత్రిని ఇరుకున పెట్టడం ఇష్టం ఉండదు. ప్రతిపక్షం సంగతి మరీ అన్యాయం. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రతిపక్ష నేత ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని శపథం చేసి సభ బయటికి నడిచారు. 2024 ఎన్నికల తరవాత 11 మంది సభ్యులున్న నేటి ప్రతిపక్షమూ చాలావరకు సభకు దూరంగానే ఉంటోంది. శపథాలు, అలకలు వాళ్లవి, అడగని ప్రశ్నలు మనవి.

వినతులతో కాలక్షేపం చేస్తే ఎన్నేళ్లు గడుస్తాయో మన నేలకు బాగా తెలుసు. దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు నీళ్లతో వచ్చే జబ్బు) జాడను వైద్యులు తొలిసారి బయటపెట్టింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో. ఆ తరవాత రాష్ట్రాలు మారాయి, జిల్లాలు విడిపోయాయి, నడుం వంగిన పిల్లలు ముసలివాళ్లయ్యారు. అదే ఫ్లోరైడు బాధతో నల్లగొండలో జనం విసిగి వేసారి 1996 లోక్‌సభ ఎన్నికల్లో తామే బరిలోకి దిగారు. ఒక్క నియోజకవర్గంలో 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయ్యింది, పోలింగు వాయిదా పడింది, దేశమంతా నల్లగొండ నీళ్ల గురించి మాట్లాడుకుంది. ఆ ఎన్నికలయ్యాక ఢిల్లీ చురుగ్గా చేసిన పని, లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచడం. దాహం కేకకు దొరికిన జవాబుల్లో అంత త్వరగా అమలైంది మరొకటి లేదేమో. కృష్ణా నీళ్లు, ఆ పైన మిషన్ భగీరథ పైపులు ఊళ్లకు చేరాకే అక్కడి బతుకు మారింది. దానికి పట్టింది మరో తరం.

మనం ఈ వానకాలం గడవడం గురించి మాట్లాడుతున్నాం. కాబట్టి ఎమ్మెల్యేగారి ఆఫీసుకు వెళ్లి మొహమాటం లేకుండా అడగండి: "అన్నా, మంత్రిగారికిచ్చిన లెటరు నకలు ఒకటివ్వండి. ఫైలు నంబరు పడిందా? ఎస్టిమేటు ఎంతకు వేశారు? అనుమతి జీవో వచ్చిందా?" నంబరు చెప్పలేకపోతే ఫైలు పుట్టలేదనే అర్థం. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లోనే ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. తాగేనీటి పరీక్ష ఫలితం ప్రాణానికి సంబంధించినది కాదని ఏ అధికారి అంటాడో అననివ్వండి. గ్రామ స్థాయి కార్యాలయంలో ఈ దరఖాస్తుకు రుసుము కూడా లేదు.

ఈలోగా ఇంట్లో చేయాల్సినవి వాయిదా వేయకండి. నీళ్లు తెర్లేదాకా కాచి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లార్చండి. మొదటి బిందెలు పారబోయండి. కుళాయికి బిగించిన మోటారు ఇవాళే విప్పేయండి. ట్యాంకులో క్లోరిన్ వేశామన్న మాట చాలదు, వీధి చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దాన్ని చూడటానికి చిన్న పెట్టె చాలు, నాలుగు చుక్కలు వేస్తే రంగు చెబుతుంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలన్నది నిబంధన. మీ ఊళ్లో ఆ అయిదుగురు ఎవరు, వాళ్ల చేతిలో కిట్టు ఉందా అని పంచాయతీ కార్యదర్శిని అడగండి.

ఒక జాగ్రత్త. కాచడం క్రిములకే మందు. ఫ్లోరైడు కాస్తే పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లోహాలూ అంతే. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా జనం ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయి. నీటి మీదే మొదట అనుమానం పడింది, తరవాత పురుగుమందుల మీదికి మళ్లింది. అలాంటివేవీ పొయ్యి మీద తేలవు, ప్రయోగశాలలో తేలాలి.

ఇంట్లో ఎవరికైనా నీళ్ల విరేచనాలు పట్టుకుంటే లీటరుకు సరిపడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొంచెం కొంచెంగా పట్టండి. పసిబిడ్డకు తల్లిపాలు ఆపకండి. కళ్లు లోతుకుపోయినా, ఒంటికి పోవడం తగ్గినా, బిడ్డ మందకొడిగా పడి ఉన్నా 108కి ఫోన్ చేయాల్సిందే, తెల్లారనిద్దామని చూడొద్దు. ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లలో ఇది కనబడితే ఆశా కార్యకర్తకో ఏఎన్‌ఎంకో ఆ గంటలోనే చెప్పండి. కుళాయి నీళ్ల నమూనా వాళ్ల సమక్షంలోనే తీయించండి, సీసా మీద తేదీ, సమయం రాయించండి. జబ్బు సంగతి బయటికి పొక్కగానే సిబ్బంది పరుగున వచ్చి ట్యాంకులో బ్లీచింగు కుమ్మరిస్తారు. నమూనా అంతకుముందే తీయాలి. కుమ్మరించాక తీసిన నీళ్లలో క్రిమి దొరకదు, నీళ్లు భేషుగ్గా ఉన్నాయన్న నివేదికే మంత్రిగారి దాకా వెళుతుంది.